ఒకే ఎత్తు బోయీలు

గుండ్లవరం రాజుగారికి వరసంటే పిచ్చి. ఆయన పల్లకీ మోసే ఎనిమిదిమంది బోయీలూ ఒకే ఎత్తు మనుషులు.

వానలు ముఖం చాటేసిన ఏడు ఆయన ఈరమ్మ అనే రైతు చేను దగ్గర పల్లకీ దింపించాడు. చేనులో జొన్న, కొర్ర, కంది కలిసి పెరుగుతున్నాయి.

"ఏమిటీ కలగూరగంప? జొన్న ఉంచి మిగతావి పీకెయ్. లేదా చేను లాక్కుంటాను. నా బోయీల్ని చూడు, ఎంత ముచ్చటగా ఉన్నారో!"

"అట్లాగే మారాజా. ముందు వాళ్ళ దాహం తీర్చనీయండి," అంది ఈరమ్మ. మూడు కుండల నీళ్ళు తెచ్చి ఒకటి నేలమీద, ఒకటి రొమ్మెత్తు బండమీద, ఒకటి ఎత్తైన మంచెమీద పెట్టింది. "వంగకూడదు, ఎక్కకూడదు. నిలబడి చేతికందిన కుండలోనే తాగాలి."

ఎనిమిదిమందీ బండమీది కుండకే ఎగబడ్డారు. తోపులాటలో అది కాస్తా పగిలింది.

"ఇంకా రెండు కుండల నీళ్ళుండగా వీళ్ళకి దాహమా!" అన్నాడు రాజు.

"ఒక్క జొన్నే వేస్తే నా చేనూ అంతే మారాజా. ఇప్పుడైతే కొర్ర పైతడి తాగుతుంది, జొన్న నడిమి తడి తాగుతుంది, కంది వేరు అడుగు తడికి పోతుంది. ఎవరి కుండ వాళ్ళది."

రాజు మురిసిపోయాడు. "అయితే రేపే బోయీల్లోనూ పొట్టివాళ్ళనీ పొడుగువాళ్ళనీ కలుపుతాను!"

"వద్దు మారాజా, పల్లకీ ఒరిగి మీరు పడిపోతారు. వాళ్ళు మోసేది మిమ్మల్నొక్కరినే. నా చేను ఏడాది పొడుగునా మా ఇంటిల్లిపాదినీ మొయ్యాలి."