నూకరత్నం నిలబడ్డ మూల

అప్పలస్వామి మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకు వెంటనే జవాబు దొరికిన దాఖలా లేదు. విజయనగరం పక్క ఊళ్లో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పే ఆ పెద్దమనిషి, అడిగినదంతా శ్రద్ధగా విని, "సరే, ఆడు" అనేవారు. జవాబు తర్వాతెప్పుడో మైదానంలో తగిలేది, ఒక్కోసారి మోకాలికి కూడా.

జిల్లా జట్టుకు ఎంపిక జరిగే రోజు పొద్దున్నే నూకరత్నం ఆయనకు అడ్డం వచ్చి నిలబడింది. కూతకు వెళ్లడమంటే ఆ పిల్లకు ప్రాణం. మాస్టారేమో కొంతకాలంగా ఆమెను మూలన నిలబెట్టి, కూతకొచ్చిన వాళ్ల చీలమండ పట్టడం నేర్పిస్తున్నారు. ఈ ఏడాదితో జూనియర్ల వయసు దాటిపోతుంది. ఇవాళ ఎంపిక కాకపోతే ఇక జిల్లా జట్టు మాట మరిచిపోవలసిందే.

"కూతకెళ్తే జనం నా పేరెట్టి అరుత్తారు మాస్టారూ. మూలన నిలబడి ఒకళ్ల కాళ్లు పట్టుకుంటే నన్నెవులు సూత్తారు? నా సోటేదో మీరే సెప్పండి."

"సరే, ఆడు. కూతకే ఎల్లు," అన్నారు మాస్టారు.

వెళ్లింది. పాయింటు తెచ్చింది. జనం పేరు పెట్టి అరిచారు, ఆమెకు కడుపు నిండిపోయింది. రెండోసారి వెళ్లి దొరికిపోయి, బయట కూర్చుంది. ఎంపిక చేసే పెద్దలు మొహాలు తిప్పుకోవడం చూసి ఉసూరుమంది, ఏడుపొక్కటే తక్కువ.

అంతలో అవతలి జట్టులోని పొడగరి పిల్ల కూతకొచ్చింది. ఆ పిల్ల కుడికాలు చాపిందో లేదో, నూకరత్నం చెయ్యి పక్కన కూర్చున్న అదనపు ఆటగత్తె గంగాదేవి చీలమండను గబుక్కున పట్టేసింది. "ఓలమ్మో!" అని గంగాదేవి గావుకేక పెట్టింది. లోపల మూలనున్న పిల్ల అప్పుడుగానీ కదల్లేదు, ఈలోగా పొడగరి కాలు లాగేసుకుని వెళ్లిపోయింది. తర్వాతి కూతకూ అదే వరస. గంగాదేవి లేచి దూరంగా జరిగి కూర్చుంది. తన చెయ్యి ఏం చేస్తోందో నూకరత్నానికి మాత్రం తెలియదు. మాస్టారు మీసాల చాటున నవ్వుకున్నారు.

చివరి నిమిషంలో తమవాళ్లొక పాయింటు తెచ్చి లెక్క సమానం చేశారు, దాంతో నూకరత్నం మళ్లీ ఆటలోకి వచ్చింది. మాస్టారు టైమవుట్ అడిగి, "ఎడమ మూలకి ఎల్లు," అన్నారు. వాదించే వ్యవధి ఎక్కడిది?

ఆఖరి కూత. పొడగరి మళ్లీ వచ్చింది, కుడికాలు చాపింది. అబ్బ, ఆ పట్టు చూడాలి! నూకరత్నం నేలమీదికి దూకి చీలమండ అందుకుంది, మిగతా పిల్లలు మీద పడ్డారు, పొడగరి కూత గొంతులోనే ఆగిపోయింది. మైదానం దద్దరిల్లింది. ఎంపిక చేసే పెద్దాయన లేచి నిలబడి, "ఆ మూలనున్న పిల్లెవరయ్యా? మనకు కావాలి!" అన్నారు. "నూకరత్నం! నూకరత్నం!" అని జనం ఒకటే కేకలు.

రిఫరీ ఈల వేసినా నూకరత్నం ఆ కాలు వదలలేదు. మాస్టారు లోపలికొచ్చి భుజం తట్టారు.

"వదులోలమ్మీ, గెలిసీసినాం. జనమంతా నీ పేరెట్టి అరుత్తన్నారు, ఇనపడ్లేదేటి?"

నూకరత్నం మట్టి కొట్టుకున్న మొహం ఎత్తి చూసింది. "ఎప్పుడు అరిసినారు మాస్టారూ?"

ఆయన పకపకా నవ్వారు. "నీ సోటేదో ఇంకేటి సెప్పాల? రేపట్నుంచి అక్కడే నిలబడు."