సలోమి సిస్టరు బొమ్మ

మత్తు డాక్టరు పరాంకుశంగారిని ఏదడిగినా ముందు కళ్ళజోడు తుడుచుకునేవారు. తుడిచి, "చూద్దాం" అనేవారు. అంతకుమించి ఆయన జవాబు చెప్పగా విన్నవాళ్ళు తక్కువ. ఆ సంగతి తెలిసి కూడా సలోమి సిస్టరు ఒక ఆదివారం ప్రార్థన కాగానే ఆయన ఇంటికి వెళ్ళింది. ఒకప్పుడు ఆపరేషన్ గదిలో ఆమెకి పని నేర్పింది ఆయనే.

"సార్, ఆగిన గుండెని మళ్ళీ ఎలా కొట్టించాలో మా ఆసుపత్రిలో నలభైమందికి నేర్పాను. అందరూ పరీక్ష నెగ్గారు. రొమ్ము ఎంత లోతు నొక్కాలో నిద్రలో లేపి అడిగినా రెండంగుళాలని చెబుతారు. మొన్న తిరపతయ్య అనే ఆయన వార్డులో కుప్పకూలితే ముగ్గురు ఒకరి తరవాత ఒకరు చేతులు వేశారు. నొక్కుతున్నట్టు లేదు సార్, నిమురుతున్నట్టుంది. ఆయన దక్కలేదు. పక్కనే ఆయన భార్య నిలబడి, 'మీరంతా ఉన్నారుగా అమ్మా' అంటూనే ఉంది." సలోమి చేతిలోని బైబిలు పక్కన పెట్టింది. "నా చేతకానితనం వల్ల ఇంకొకరి ప్రాణం పోకూడదు. ఈ నేర్పే పని మానేస్తాను సార్."

"చూద్దాం" అన్నారు పరాంకుశంగారు. మర్నాడు వచ్చి శిక్షణ గదిలో వెనక బెంచీ మీద కూర్చున్నారు.

బీరువాలోంచి బొమ్మ దిగింది. పైన రబ్బరు చర్మం, లోపల స్ప్రింగు ఉన్న మనిషి బొమ్మ. నర్సులు చాటుగా దాన్ని కొత్తల్లుడనేవారు. జరిగే మర్యాదలు అలాంటివి మరి. చుట్టిన దుప్పటి విప్పడం, పౌడరు అద్దడం, గుడ్డతో తుడవడం అన్నీ సలోమి తన చేత్తోనే చేసింది. కన్నబిడ్డకైనా అంత చేసి ఉండదు. మొదటి అమ్మాయి రొమ్ము మీద చేతులు ఆన్చి నొక్కబోయింది.

"మెల్లగా తల్లీ, మెల్లగా! ఇది పాడైతే మనకి మళ్ళీ ఇవ్వరు."

రెండో అమ్మాయికీ అదే మాట, మూడో అమ్మాయికీ అదే. తను ఆ మాట అంటున్నట్టు సలోమికి తెలియనే తెలియదు.

పరాంకుశంగారు లేచి వచ్చారు. డెబ్బై ఏళ్ళ మోకాళ్ళని తిట్టుకుంటూ బొమ్మ పక్కన కూలబడి, మోచేతులు వంగకుండా ఒంటి బరువంతా వేసి నొక్కారు. పదోసారికి రబ్బరు పర్రున చిరిగింది. గదంతా "అయ్యో" అంది. సలోమి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

స్ప్రింగు మాత్రం చెక్కుచెదరలేదు. "రా అమ్మాయ్, ఇప్పుడు నొక్కు" అన్నారాయన.

ఆ అమ్మాయి సలోమి వంక చూసింది. సలోమి నోరు తెరిచింది గానీ, జాగ్రత్త చెప్పడానికి ఇంకేం మిగిలింది? అమ్మాయి నొక్కింది. రొమ్ము రెండంగుళాలూ దిగి లేచింది. తరవాత మరొకరు, ఆ తరవాత మరొకరు. జడలు ఊడి, చెమటలు కారి, అందరికీ ఆయాసం వచ్చింది. గోడకానుకుని చూస్తున్న సలోమికి ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ తను ఆ పిల్లలకి నేర్పింది ఏమిటో అప్పటికి అర్థమైంది.

అందరూ వెళ్ళాక ఆమె సూదీ దారం తెచ్చుకుని బొమ్మ ముందు కూర్చుంది. పరాంకుశంగారు ఆమె తల మీద చెయ్యి వేశారు.

"కుట్టకు తల్లీ. రేపొచ్చే పిల్లల్ని కూడా చూడనీ."