ఇవాళ ఏం కూర?

జకర్యా ప్రసంగం మొదలుపెడితే సంఘం నిద్రపోతుంది. ఇది నేను వేస్తున్న నింద కాదు, ఊరంతా ఎరిగిన సంగతే. చంటిపిల్లలు నిద్రపోక సతాయిస్తుంటే తల్లులు అతని వంతు వచ్చే ఆదివారం కోసం ఎదురుచూసేవారు.

చర్చి పాస్టరు ఫిలేమోను అయ్యగారి దగ్గర మూడేళ్లుగా వాక్యం చెప్పడం నేర్చుకుంటున్నాడు. ఆ మూడేళ్లూ ముందు వరసలో కళ్లు తెరుచుకుని కూర్చున్నది ఒక్క మనిషే, వాళ్ల మామ్మ రాహేలమ్మ. చివర్లో "గొంతు బాగుంది నాయనా" అనేది. అంతకు మించి పొగడాలంటే అబద్ధం ఆడాలి, ఆవిడకి ఆ అలవాటు లేదు.

ఆ మామ్మ పోయింది.

తల్లి లేని జకర్యాని పెంచింది ఆవిడే. చుట్టుపక్కల ఊళ్లకి ముప్పై ఎనిమిదేళ్లు నర్సమ్మ కూడా ఆవిడే. సైకిలు వెనక సూదుల పెట్టె కట్టుకుని, దారి లేని చోట పడవెక్కి, లంకల్లోకి కూడా వెళ్లి సూదిమందు వేసొచ్చేది. నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడికలో ఆవిడ గురించి మాట్లాడమని అయ్యగారు జకర్యాకే చెప్పారు.

ఆ రోజు కూడా జనం నిద్రపోతే? మామ్మ గురించి చెబుతుంటే గురకలు వినిపిస్తే? ఆ దిగులుతో అతనికి ముద్ద దిగలేదు. ఏడుపు మాత్రం రాలేదు. ఏడవడానికి తీరికేదీ, పధ్నాలుగు పేజీలు రాయాలి కదా.

రాసింది పట్టుకెళ్లి అయ్యగారికి వినిపించాడు. అయ్యగారు వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"త్యాగమూర్తి, కరుణాసముద్రము, శ్వేతవస్త్రధారిణియైన దేవదూత..."

"శ్వేతవస్త్రమా?" అన్నారు అయ్యగారు. "మీ మామ్మ చీర మీద ఎప్పుడు చూసినా టించరు మరకలే కదరా."

"అలా రాస్తే బాగోదండి."

అయ్యగారు ఇంకో కాయ అందుకున్నారు. పధ్నాలుగో పేజీ అయ్యేసరికి కాయలూ అయిపోయాయి.

"ఆవిడ సూదుల పెట్టె ఉందా?" అని అడిగారు.

"అటక మీద ఉందండి."

"కూడికకి పట్రా."

ఆ రోజు చర్చి నిండిపోయింది. ఎన్నడూ ఆ గడప తొక్కనివాళ్లు కూడా వచ్చారు. చేపలమ్మే నాంచారమ్మ గంప బయట దించి, గుమ్మం పక్కన కూర్చుంది. సంఘపెద్ద ఆశీర్వాదం గారు ముందు వరసలో, సరిగ్గా రాహేలమ్మ కూర్చునే చోటే కూర్చున్నారు.

జకర్యా మొదలుపెట్టాడు. రెండో పేజీలో ఫ్యాన్ల చప్పుడు బాగా వినిపించింది. మూడో పేజీలో ఆశీర్వాదం గారి గడ్డం గుండెలకి ఆనింది. నాలుగో పేజీలో గురక మొదలైంది. జకర్యా గొంతు పెంచాడు. గురకా పెరిగింది.

అయ్యగారు లేచారు. పక్కనున్న స్టీలు సూదుల పెట్టెని తెచ్చి బల్ల మీద పెట్టి, మూత తీసి, మళ్లీ వేశారు. టక్కుమంది.

ఆశీర్వాదం గారు ఉలిక్కిపడి లేచి, కళ్లు పూర్తిగా తెరవకుండానే తలుపు వైపు రెండడుగులు వేశారు. ఆయన కుడిచెయ్యి తనంతట తానే వెనక్కి పోయి నడుము కింద ఆగింది. ఆయనకి డెబ్బై రెండేళ్లు. చుట్టూ చూస్తే చర్చిలో సగంమంది చేతులు అక్కడే ఉన్నాయి.

ఎవరు ముందు నవ్వారో తెలియదు. నవ్వులు ఆగేసరికి అందరూ జకర్యా వైపు చూస్తున్నారు, మేలుకుని. అతను చేతిలోని కాగితాలు చూశాడు. సొట్టలు పడిన పెట్టెని చూశాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చిన్నప్పట్నుంచీ విన్న మాట ఒక్కటే నోటికొచ్చింది.

"ఇవాళ ఏం కూర?"

రాహేలమ్మ సూది పట్టుకుని ప్రతి రోగినీ అడిగే మాట అది. వాళ్లు కూర పేరు తలుచుకుని నోరు తెరిచేలోగా పని కానిచ్చేసేది. "అయిపోయింది, రుద్దుకో" అనేసి సైకిలెక్కేది. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్కరి జవాబూ పూర్తిగా విన్న పాపాన పోలేదు.

"బొమ్మిడాయిల పులుసమ్మా," అంది గుమ్మం దగ్గర్నుంచి నాంచారమ్మ, ఆ పెట్టెతోనే మాట్లాడుతున్నట్టు. "నాకు టైఫాయిడొచ్చినప్పుడు అడిగావు. బొమ్మి అనేలోపే పొడిచేశావు. బొమ్మిడాయిల పులుసు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ములక్కాడ," అన్నారు ఇంకో మూల నుంచి.

"కందిపచ్చడి. ఆ పూట కూరే లేదు."

ఆశీర్వాదం గారు ఇంకా నిలబడే ఉన్నారు. "దొండకాయ వేపుడు," అన్నారు. "నన్ను కాదు, మావాణ్ణి అడిగింది. పాము కరిచింది వాడికి. జోరు వానలో పడవ మీద వచ్చింది మహాతల్లి. వాడికి మాట రావట్లేదని నేను చెప్పబోయాను. నన్నూ చెప్పనివ్వలేదు. బిడ్డని బతికించి పోయింది." ఆయన కూర్చుని ముఖం తుడుచుకున్నారు.

గంటన్నర గడిచింది. ఎవరూ నిద్రపోలేదు. జకర్యా అన్ని కూరలూ చివరిదాకా విన్నాడు.

అందరూ వెళ్లాక, పెట్టె పట్టుకుని అయ్యగారితో మెట్లు దిగాడు.

"పధ్నాలుగు పేజీలు వృథా అయ్యాయండి."

"మా మేక తింటుంది లే," అన్నారు అయ్యగారు. తర్వాత ఆగి, మామూలుగా అడిగారు. "ఇంతకీ మీ ఇంట్లో ఇవాళ ఏం కూర?"

"మామ్మ ఇవాళ వంకాయ..." అన్నాడు జకర్యా.

మిగతా మాట రాలేదు. నలభై రోజులుగా రాని ఏడుపు వచ్చింది. పెట్టెని కడుపుకి హత్తుకుని మెట్ల మీదే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

అయ్యగారు పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేశారు.

"అయిపోయింది," అన్నారు. "రుద్దుకో."