రాజుగారి తలా, కోనప్ప చెయ్యీ

జుట్టు గురించి చెప్పడానికి నీకేం అర్హత అని మా ఇంట్లో అడిగారు. అర్హతకేం లోటు? ముఖం కడుక్కోవడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియక ఆరేళ్లుగా అవస్థ పడుతున్నాను. ఉల్లిరసం పట్టించిన నెల్లాళ్లూ జుట్టూ రాలేదు, చుట్టాలూ రాలేదు. ఇక కథ వినండి.

ఒకానొక కొండల రాజ్యాన్ని మల్లభూపతి అనే రాజుగారు ఏలేవారు. ఏనుగంత దర్పం, చిటికెడు జుట్టు. ఎడమ చెవి పైన మిగిలిన పదకొండు వెంట్రుకల్ని పొడుగ్గా పెంచి, ఆముదం రాసి, కుడి చెవిదాకా పరిపించేవారు. సభలో అందరూ దాన్ని కేశసంపద అనాలి. అనేవారు కూడా, ఎవరి తల వాళ్లకి తీపి కదా.

ఒక పండగనాడు రాజుగారు గుళ్లో కిరీటం తీసి తల వంచారు. పూజారి శఠగోపం పెట్టి పైకెత్తాడు. ఆముదం జిగటకి పదకొండు వెంట్రుకలూ దానికి అంటుకుని నిలువునా లేచాయి. ఊరంతా చూసింది. నవ్వినవాడు ఒక్కడూ లేడు గానీ, దగ్గినవాళ్లు చాలామంది.

ఆ మర్నాటి నుంచి వైద్యం మొదలైంది. గుంటగలగరాకు నూరి పూశారు. మందారాకు ముద్ద పెట్టారు. జలగల్ని వదిలితే అవి కాసేపు పాకి, జారి కింద పడ్డాయి. చివరికి ఆస్థాన వైద్యుడు పేరమభట్టు ఒక కుండెడు నల్లటి నూనె తెచ్చాడు. మండలం రోజులు పట్టిస్తే అడవిలా మొలుస్తుందన్నాడు. పట్టించే పని రాజుగారికి క్షవరం చేసే కోనప్పకి పడింది. తల మండిపోతోందని రాజుగారు అంటే, మంట పుడితే మొలక పుడుతున్నట్టేనని వైద్యుడు సర్దిచెప్పేవాడు.

నలభయ్యో రోజుకి పదకొండులో మూడు మిగిలాయి.

రాజుగారు నిప్పులు కక్కారు. పేరమభట్టు మాత్రం బెదరలేదు. మందు అమృతమేననీ, కోనప్ప హస్తవాసి పాపిష్టిదనీ, ఆ చెయ్యి పడితే మర్రిచెట్టుకైనా ఆకు నిలవదనీ చెప్పాడు. మర్నాడు సభలోనే కోనప్ప కుడిచెయ్యి నరికించాలని ఆజ్ఞ అయింది. ఆ చేతి మీదే ఇంట్లో ఏడుగురి కూడు.

సభలో తిప్పన్న అని ఒకడుండేవాడు. రాజుగారికి కబుర్లు చెప్పడం అతని ఉద్యోగం. మర్నాడు కత్తి వచ్చింది, కోనప్ప వచ్చాడు. తిప్పన్న లేచి, నరకడం ఎంతసేపు, ముందు తప్పు చేతిదేనని రుజువైతే బాగుంటుందని మనవి చేసుకున్నాడు. ఎలా అని రాజుగారు అడిగారు.

పేరమభట్టుకి బొడ్డు దాకా గడ్డం. రోజూ సాంబ్రాణి పొగ వేసుకుని, దంతపు దువ్వెనతో దువ్వుకునేవాడు. తిప్పన్న ఆ గడ్డం వైపు చూపించాడు.

"రెండు పరీక్షలున్నాయి ప్రభూ. అయ్యవారు ఆ నల్లనూనె తమ చేత్తోనే తమ గడ్డానికి పట్టించుకోవడం ఒకటి. కోనప్ప చేత మామూలు నువ్వుల నూనె రాయించుకోవడం రెండోది. ఏది కావాలో అయ్యవారినే కోరుకోమనండి."

పేరమభట్టు క్షణం ఆలోచించలేదు. "నువ్వుల నూనే తెమ్మను. చలవ చేస్తుంది," అని గడ్డం ముందుకు చాపాడు.

కోనప్ప నూనె అరచేతిలో పోసుకుని మొదలుపెట్టాడు. చెయ్యి అలవాటున పడింది. వైద్యుడికి కళ్లు మూతపడ్డాయి. ఇంకాస్త కిందకి, ఆ, అక్కడే, అని కూడా అన్నాడు.

"చూశారా ప్రభూ," అన్నాడు తిప్పన్న. "జుట్టు రాల్చే చేతికి గడ్డం అప్పగించి అయ్యవారు కునుకు తీస్తున్నారు. జుట్టు మొలిపించే నూనెని మాత్రం దాపుకి రానివ్వలేదు."

పేరమభట్టు కళ్లు తెరుచుకున్నాయి. నూనెలో మంట పుట్టించే నల్లజీడి రసం కాస్త ఎక్కువ పడిందేమోనని నీళ్లు నమిలాడు. సభలో మళ్లీ దగ్గులు మొదలయ్యాయి.

కత్తి వెనక్కి వెళ్లింది. కానీ రాజుగారి ముఖం వాడిపోయింది. తన తలకి ఇక మందే లేదా అని అడిగారు. కోనప్ప చేతులు కట్టుకుని, రాజుగారి తండ్రికీ తాతకీ తన తండ్రీ తాతా క్షవరం చేశారనీ, వాళ్లిద్దరికీ ఇదే వయసులో ఇదే చోట ఇలాగే ఊడిందనీ విన్నవించాడు.

తిప్పన్న అందుకున్నాడు. "సింహాసనం ఇచ్చినవారే దీన్నీ ఇచ్చారు ప్రభూ. ఆ సింహాసనం నాదంటున్న మీ దాయాదికి భుజాల దాకా జుట్టుందట. ఎవరు అసలైన వారసులో ఇక జనానికి ఒకరు చెప్పాలా?"

రాజుగారు ఒక్క నిమిషం ఆలోచించి, పొట్ట పట్టుకుని నవ్వారు. అక్కడికక్కడే పీట వేయించుకుని, ఆ మూడూ తీసెయ్యమని కోనప్ప ముందు తల వంచారు. తళతళలాడే తలమీద కిరీటం పెట్టుకుని, తిప్పన్న చేతులకి బంగారు మురుగులు తొడిగారు. నీకేం కావాలని కోనప్పనీ అడిగారు.

"మిగిలిన ఆ నల్లనూనె ఇప్పించండి ప్రభూ," అన్నాడు కోనప్ప. "మా పెరట్లో కలుపు ఎంత పీకినా చావడం లేదు."

ఆ నవ్వుకి రాజుగారి కిరీటం జారింది. ఆపడానికి తలమీద వెంట్రుక లేదు కనుక, కోనప్పే చెయ్యి చాపి పట్టుకున్నాడు.