చెంగమ్మ చూపించిన మరక

ఇప్పటి మాట కాదు. రాజులు గుర్రాల మీద, జనం కాలినడకన తిరిగే రోజుల మాట. చిత్రవరంలో చెంగమ్మ అనే ఆమె బట్టలకు రంగులద్దుకుని బతికేది. వర్తకుడు సోమప్ప ఇంట్లో అద్దెకుండేది. చేరేనాడే పన్నెండు వెండి నాణేలు ధరావతుగా ఇచ్చింది. ఖాళీ చేయాలంటే ఆమె నెల ముందు చెప్పాలి. వెళ్ళేనాడు ఆయన ధరావతు తిరిగివ్వాలి. అదీ ఒప్పందం.

ఐదేళ్ళు గడిచాయి. ఒక పున్నమినాడు రేవుపట్నం నుంచి కబురొచ్చింది. అక్కడున్న ఆమె కూతురికి రెండు నెలల్లో పురుడు. అల్లుడేమో ఓడెక్కి వెళ్ళాడు. తోడెవరూ లేరు.

చెంగమ్మ వెంటనే పొరుగింటి వీరమ్మను తీసుకుని సోమప్ప దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, వచ్చే పున్నమికి ఇల్లు ఖాళీ చేస్తాను."

"సరేలే" అన్నాడు సోమప్ప.

పున్నమి వచ్చింది. చెంగమ్మ ఇల్లు కడిగి, బండి కట్టించి, తాళంచెవి అందించి ధరావతు అడిగింది. సోమప్ప ముఖం తిప్పుకున్నాడు.

"నువ్వు ముందుగా చెప్పలేదుగా!"

"చెప్పానయ్యా. వీరమ్మ పక్కనే ఉంది."

వీరమ్మ అవునంది.

"మరి ఈ గోడ పగులో?"

"నేను చేరకముందు నుంచీ ఉన్నదే. పూడ్పిస్తానని మీరే అన్నారు."

సోమప్ప గొంతు తగ్గింది. "ఇంకేం పాడుచేశావో, ఎవరికి తెలుసు?"

ఆ డబ్బు లేకపోతే చెంగమ్మకు రేవుపట్నంలో గది దొరకదు. అయినా లోపలికి నడిచి, మూలనున్న పాత చాప ఎత్తింది. గచ్చు మీద చేటంత నీలి మరక.

"ఇది నావల్లే అయింది. రంగు కుండ ఒలికింది. ఎంత తోమినా పోలేదు. బాగుచేయించే ఖర్చు పట్టుకుని మిగతాది ఇవ్వండి."

సోమప్ప గడప మీద కూలబడ్డాడు.

"నువ్వు చూపించకపోతే నాకు తెలిసేదే కాదు. నేనే అబద్ధమాడాను తల్లీ. మా ఆవిడ మంచాన పడితే నీ ధరావతు వైద్యుడికిచ్చేశాను. చెప్పడానికి మొహం చెల్లక ఈ వంకలన్నీ పెట్టాను."

చెంగమ్మ కోపం కరిగిపోయింది. "ఆ మాట నెల కిందటే చెబితే ఏదో దారి చూసుకునేవాళ్ళం కదయ్యా. నేను ముందుగా చెప్పింది అందుకే."

ఆ పూటే సోమప్ప తన వెండి మొలతాడు అమ్మి ఏడు నాణేలు తెచ్చాడు. మరకకు ఒకటి పోగా మిగిలిన నాలుగింటికీ వీరమ్మ ముందు పత్రం రాసిచ్చాడు. చెంగమ్మ కూతురు ప్రసవించిన వారానికి తానే రేవుపట్నం నడిచి వెళ్ళి, ఆ నాలుగూ ఆమె చేతిలో పెట్టాడు. చెంగమ్మ మనవరాలిని తెచ్చి ఆయన ఒళ్ళో పడుకోబెట్టింది.

పిల్లలూ, మన తప్పునైనా మన కష్టాన్నైనా దాచకుండా ముందుగా చెబితే ఎదుటివాళ్ళు మనల్ని నమ్ముతారు, ఆదుకుంటారు.