ఇంజను చల్లారేదాకా

మద్దిలేటికి మూడు రోజులుగా అన్నం సయించలేదు. ఏడేళ్లుగా మెకానిక్ పని చేస్తున్నవాడు, పాత క్రూయిజర్ మోటారుసైకిలు కొనడంలో మోసపోయాడు.

అమ్మినాయన నంద్యాలలో రిటైరైన ఆఫీసరు. మద్దిలేటి వెళ్లేసరికి బండిని తళతళలాడేలా తుడిచి వరండా ముందు నిలబెట్టాడు. బటన్ నొక్కగానే ఇంజను మెత్తగా పలికింది. మరునాడు పొద్దున ఇంటి దగ్గర స్టార్టు చేస్తే లోపల రేకుడబ్బా కొట్టినట్టు టకటకమని చప్పుడు. పది నిమిషాలు తిరిగి వేడెక్కాక ఆ చప్పుడు మాయమైంది. అప్పుడు అర్థమైంది. తను వెళ్లేలోపే ఆయన ఇంజను వేడిచేసి పెట్టాడు.

"దేవుడి పటాల కింద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినాడు ఉస్తాద్! పిస్టను అరిగిందని ఒక్క ముక్క చెప్పలా. ఫోన్ చేస్తే, చూసుకునే కొన్నావు గదా అంటాడు. వాడు మనిషేనా?"

మద్దిలేటికి పని నేర్పిన ఖాదర్ ఉస్తాద్ తన షెడ్డులో కార్బురేటర్ కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"స్టార్టు చేసేముందు ఇంజను మీద చెయ్యి పెట్టి చూసినావా?"

 షెడ్డులో చేరినవాడికి ఉస్తాద్ నేర్పే మొదటి పాఠం అదే.

"అంత పెద్దమనిషి అబద్ధమాడతాడా అనుకున్నా," అన్నాడు మద్దిలేటి. "ఇట్లాంటోళ్లకు సిగ్గూ శరమూ ఉండవు ఉస్తాద్."

ఆదివారం పొద్దున్నే మద్దిలేటి బండిని షెడ్డు నీడన పెట్టి స్టార్టు చేశాడు. చప్పుడు పోయేదాకా తిరగనిచ్చి ఆపాడు. గుడ్డతో ట్యాంకు తుడిచాడు.

"ఎవరొస్తున్నారు?" అన్నాడు ఉస్తాద్.

"ఏసురత్నం సారు. బళ్లో మాకు డ్రిల్లు మాస్టరు. బండి కొనేందుకు చూస్తానన్నారు." గుడ్డ దులుపుతూ, "నేనొక్కణ్ణే మునగాల్నా ఉస్తాద్?" అన్నాడు.

సారు వచ్చాడు. సీటు నిమిరి మురిసిపోయాడు. "మా పిల్లోడు ఇంత పెద్ద బండి తోలే మొనగాడైనాడా!" అంటూ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. మద్దిలేటి ఇవ్వబోతుంటే ఉస్తాద్ అది అందుకుని తన జేబులో వేసుకున్నాడు.

"ముందు టీ తాగండి సార్."

టీ తాగారు. ఉస్తాద్ బడి గురించి అడిగాడు. కబడ్డీ జట్టు గురించి అడిగాడు. సారు ఉత్సాహంగా చెబుతూ పోయాడు.

"సారుకు లేటవుతుందేమో," అన్నాడు మద్దిలేటి.

"నువ్వు కూర్చో."

ఇంకో టీ వచ్చింది. మద్దిలేటి గ్లాసు ముట్టలేదు. నుదురు రెండుసార్లు తుడుచుకున్నాడు. ఒకసారి సారు వైపు చూసి నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. గంటన్నర గడిచింది.

ఉస్తాద్ లేచి ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. తాళంచెవి సారు చేతికిచ్చాడు.

"ఇప్పుడు చూడండి."

టకటకటక. షెడ్డంతా మోగింది. సారు ఉలిక్కిపడి ఆపేశాడు.

"ఇదేంది మద్దిలేటీ?"

"పిస్టను అరిగింది సార్."

"నీకు ముందే తెలుసా?"

 సారు వాడి ముఖంలోకి కాసేపు చూశాడు. "నాక్కూడానా?" అని తాళంచెవి సీటు మీద పెట్టి, నడిచి వెళ్లిపోయాడు.

మద్దిలేటి కళ్లు ఎర్రబడ్డాయి. "నా పరువు తీసినావు! నువ్వు నావాడివనుకున్నా ఉస్తాద్."

ఉస్తాద్ టీ గ్లాసులు ఏరుతున్నాడు.

"నీవాణ్ణే. అందుకే గంటన్నర కూర్చున్నా, నువ్వే చెబుతావేమోనని."