తీపి పండు గింజలు

మొగలికోట దొర జగ్గభూపతికి వంశం గొప్పలు చెప్పుకోవడమే పని. ఒకసారి ఆయన తేనెలాంటి కర్బూజా పండు తిని, దాని గింజలను ఏటి ఇసుకలో పాదులు పెట్టుకుని బతికే నూకాలుకు ఇచ్చి పెంచమన్నాడు. తీరా కాసిన పండ్లన్నీ చప్పన.

“ఒసే, తీపి పండు గింజకు చప్పటి పండు ఎక్కడైనా పుడుతుందా? గింజలు మార్చేశావు. నీ పాదులన్నీ లాక్కుంటాను!” అని కొలువులో కేకలేశాడు. తెర వెనక ఆయన తల్లి, ముసలి రాణి, కూర్చుని ఉంది.

“గింజలన్నీ తల్లిపండు గుణం తెచ్చుకోవు బాబయ్యా” అంది నూకాలు.

“నోర్ముయ్! విత్తు ఎలాంటిదో పంటా అలాంటిదే. అలా లేదంటే ఎవరో మార్చినట్టే!”

ఇక బతుకు పోయినట్టేనని నూకాలుకు తెలిసిపోయింది. అప్పుడు భయం కూడా పోయింది.

“అయితే ఆ మాటే ఊరూరా చాటింపు వేయించండి దొరా. మీ నాన్నగారు కరువులో గాదెలు విప్పి మాకు అన్నం పెట్టారు. మీరేమో పేదదాని పాదులు లాక్కుంటున్నారు. ఉయ్యాల్లో బిడ్డను ఎవరు మార్చారని రేపు జనం అడగరా?”

దొర ముఖం మాడిపోయింది.

“సర్లే, విత్తు మంచిదే. నేల దోషమై ఉంటుంది” అని గొణిగాడు.

“నేలను మాత్రం అనకండి బాబయ్యా. తెర వెనక మీ అమ్మగారు వింటున్నారు.”

తెర వెనక ముసలి రాణి పకపకా నవ్వింది. పాదుల మాట దొర మళ్ళీ ఎత్తలేదు.